వదిన బదులు

ఆ వేసవిలో కొండలెక్కాల్సింది నేను కాదు, వదిన.

తమ పెళ్ళై పాతికేళ్ళు నిండేనాటికి వదినా తనూ కలిసి పొడుగు బాట నడవాలని అన్నయ్య రెండేళ్ళ ముందే తీర్మానించాడు. పొడుగు బాట అంటే కొండల నడుమ మొదలై, ఊళ్ళకి దూరదూరంగా, గుట్టలూ చిత్తడి నేలలూ దాటుకుంటూ చివరికి సముద్రం దగ్గర ఆగే కాలిదారి. వేసవి మొదట్లో బయల్దేరితే వేసవి ముదిరాక చేరతారు. దారిలో అక్కడక్కడా బసలుంటాయి. బస లేని చోట టెంటు వేసుకోవాలి.

నేనప్పటికి వాళ్ళింట్లోనే, వంటింటి పక్కనున్న చిన్నగదిలో ఉంటున్నాను. అంతకు ముందు చలికాలంలో మా ఆయన పోయాడు. సెలవు రోజు, మధ్యాహ్నం భోంచేసి కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. నేను పక్కగదిలో బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నాను. నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళంతా గట్టి మనిషి అన్నారు. అది గట్టితనం కాదు. ఏదీ తగలడం లేదంతే. నా ఉద్యోగం పళ్ళ డాక్టర్లకి కట్టుడు పళ్ళు చేసిచ్చే ల్యాబులో. సెలవయ్యాక మామూలుగానే వెళ్ళాను. ఎవరిదో పై దవడ అచ్చు చేతిలోకి తీసుకుని, మైనం కరిగించి, పళ్ళు వరసగా నిలబెట్టి, చిగుళ్ళు దిద్ది పక్కన పెట్టేదాన్ని. ఒక్క పన్ను వంకర పోలేదు. తాగిన టీ వేడిగా ఉందా చల్లారిందా అంటే మాత్రం చెప్పలేకపోయేదాన్ని.

అన్నయ్య లిఫ్టు మెకానిక్కు. పెద్ద పెద్ద బిల్డింగుల్లో, చీకటి గొయ్యిలాంటి షాఫ్టులో తాడు పట్టుకుని వేలాడుతూ పని చేసే మనిషి. వస్తువు సరిగ్గా ఉంటే మనిషి క్షేమంగా ఉంటాడన్నది ఆయన నమ్మకం. ఆ నమ్మకంతో హాలంతా గోడౌను చేసేశాడు. సోఫా మీద స్లీపింగ్ బ్యాగులు, టీవీ ముందు చేతికర్రలు, ఫ్యాను కొక్కేనికి వేలాడుతూ ఆరుతున్న టెంటు. వదిన పిండి తూచుకునే కాటా మీద ఆయన సాక్సులు తూచేవాడు. బరువు తగ్గుతుందని ఒకరోజు పళ్ళు తోముకునే బ్రష్షు పిడి రంపంతో సగానికి కోశాడు.

"సగం బ్రష్షుతో సగం పళ్ళే తోముకుంటారా?" అంది వదిన.

ఇద్దరూ నావైపు చూశారు, పళ్ళ మాట కదా నేను నవ్వుతానేమోనని. నాకు నవ్వు రాలేదు. వదిన చూపు తిప్పేసుకుంది.

వదిన స్విమ్మింగ్ పూల్లో ఈత నేర్పుతుంది. చిన్నపిల్లల దగ్గర్నుంచి మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళ దాకా అందర్నీ నీళ్ళలోకి దించడం ఆవిడ పని. వాళ్ళిద్దరికీ భోజనాల దగ్గర రోజూ ఇదే వాదన.

"కళ్ళద్దాలు, టోపీ, ముక్కుకి క్లిప్పు, అన్నీ కొనుక్కొచ్చి గట్టు మీదే కూర్చునేవాళ్ళని బోలెడుమందిని చూశానండీ. ముందు దిగాలని ఉండాలి."

"ధైర్యం మంచిదే. నేను పనిచేసే చోట తాడు తెగితే ఆ ధైర్యం ఏ అంతస్తులో దిగుతుందో చెప్పు."

"నీళ్ళకి తాడుండదు."

"అందుకే మునుగుతారు."

"మునిగితే నేనున్నాగా," అంది వదిన.

అని, కొంచెంసేపు ఆయన ముఖంలోకే చూసింది. అన్నయ్య కాటా మీద ముల్లు నిలబడేదాకా వంగి చూస్తున్నాడు.

బయల్దేరడానికి ఇక వారం ఉందనగా, ఓ మధ్యాహ్నం వదిన నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. చేతిలో నడక బూట్లున్నాయి. అన్నయ్య నెలల తరబడి వెతికి ఆవిడకోసం తెప్పించినవి. వాటిని నా మంచం పక్కన పెట్టింది.

"నీకు సరిపోతాయి. నా బదులు నువ్వెళ్ళు."

"నేనా?"

"ఊఁ. మీ అన్నయ్యకి భుజం నొప్పని చెప్పాను. పూల్లో వేసవి క్లాసులు కూడా ఉన్నాయన్నాను. రెండూ నిజమే."

నేను బూట్ల వైపు చూశాను. వదిన మంచం చివర కూర్చుంది. క్లోరిన్ వాసన ఆవిడ జుట్టులోంచి ఎప్పటికీ పోదు.

"నేను వెళ్తే, ఆ కొండ మీద ఆయన నా టెంటు కడతాడు, నా లేసులు కడతాడు, నా మంచినీళ్ళు వడకడతాడు. నేను కరిగిపోయి తిరిగొస్తాను. ఇంకో ఏడాది ఉంటాను. తర్వాత ఇంకో ఏడాది. నావల్ల కాదే."

"అన్నయ్య ఏం చేశాడు?"

"ఏమీ చెయ్యలేదు. అందుకే ఎవరికీ చెప్పలేకపోతున్నాను." చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నాకు ఈ ఇంట్లో ఊపిరాడట్లేదండీ అని చెప్పాను ఒకసారి. గీజరు మార్చాడు. రెండోసారి ఏడుస్తూ చెప్పాను. పరుపు మార్చాడు. మూడోసారి చెప్తే ఇదిగో, ఈ నడక. ఆయన మంచివాడే. నేనేం చెప్పినా ఆయనకి ఏదో ఒకటి పాడైందనే వినిపిస్తుంది. పాడైంది నేనే అని వినిపించదు."

అప్పట్లో నాకు ఎవరి మాటైనా గాజు అవతలినుంచి వస్తున్నట్టుండేది.

"మీరిద్దరూ వచ్చేలోపు నేను పూల్ దగ్గర గది చూసుకుంటాను. ఆయనకి నువ్వు చెప్పకు. నేనే చెప్తాను, దారిలో ఉండగా ఫోన్లో చెప్తాను. ఇంట్లో చెప్తే లేచి ఏదో ఒకటి బాగు చెయ్యడం మొదలుపెడతాడు. కొండ మీదైతే వినడం తప్ప ఇంకేం చెయ్యలేడు కదా."

"సరే," అన్నాను.

ఆ రోజుల్లో ఎవరేమడిగినా సరే అనేదాన్ని. ల్యాబులో సెలవడిగితే, ఇన్నాళ్ళూ అడగనందుకే ఆశ్చర్యపోయి ఇచ్చారు. అన్నయ్య కాసేపు బాధపడ్డాడు, తర్వాత బ్యాగు పట్టీలు నా భుజాలకి తగ్గట్టు సరిచేస్తూ కూర్చున్నాడు. సాయంత్రమయ్యేసరికి ఈల వేస్తున్నాడు. వదిన మమ్మల్ని వీధి చివరిదాకా వచ్చి సాగనంపింది. "జాగ్రత్తండీ," అంది ఆయనతో. నన్ను మాత్రం వీపున బ్యాగుతోనే గట్టిగా పట్టుకుని వదిలేసింది.

*

నడక గురించి చెప్పమని తర్వాత చాలామంది అడిగారు. చెప్పడానికి పెద్దగా లేదు. పొద్దున్నే అన్నయ్య లేపేవాడు. టీ కాచి ఇచ్చేవాడు. టెంటు మడిచేవాడు. ఆయన ముందు, నేను వెనక. ఆయన బూటు మడమ మీద ఒక ఎర్ర గీత ఉంది. దాన్ని చూస్తూ నడిచేదాన్ని. వాన వస్తే ఆగి రెయిన్‌కోటు వేసుకునేవాళ్ళం, తగ్గితే విప్పేవాళ్ళం. చిత్తడి నేలలో కాలు దిగబడితే లాక్కునేదాన్ని. నాకు ఉత్సాహం లేదు. లేకపోబట్టే విసుగూ రాలేదు. ఎత్తు వస్తే ఎత్తు, పల్లం వస్తే పల్లం.

అన్నయ్యకి అది నచ్చింది. "భలే నడుస్తున్నావే చిట్టీ! నీలో ఇంత ఉందనుకోలేదు," అనేవాడు.

నాలో ఏమీ లేదన్నయ్యా, అందుకే బరువు తెలియట్లేదు అందామనుకున్నాను. అనడానికి కూడా ఓపిక ఉండాలి.

ప్రతి సాయంత్రం ఆయన నాకు సామాను పాఠం చెప్పేవాడు. ఈ పట్టీ దేనికి, ఈ ముడి ఎందుకు, స్టవ్వు ఎలా బిగించాలి, చలి ఎక్కువైతే ముందు ఏ జాకెట్టు తియ్యాలి. నేను తలూపుతూ కూర్చునేదాన్ని. ఒక్కటీ ఎక్కేది కాదు. మధ్యలో వదిన మాట వచ్చేది. "మీ వదిన ఇక్కడుంటే ఈ వాగులో దూకేసేది," అనేవాడు. "వచ్చే ఏడు తనతో మళ్ళీ రావాలి," అనేవాడు. నేను దానికీ తలూపేదాన్ని.

ఒక బసలో మాకు డ్రిల్లు మాస్టారు తగిలాడు. ఏదో బళ్ళో పిల్లలకి డ్రిల్లు నేర్పి రిటైరైన మనిషి. పేరు చెప్పాడు కానీ మేం డ్రిల్లు మాస్టారనే అనుకున్నాం. ఆయన కాళ్ళకి గుడ్డ బూట్లు, వీపున పిల్లలు బడికి వేసుకెళ్ళే సంచీ, చంకలో గొడుగు. భోజనాల బల్ల దగ్గర అన్నయ్య సామాను చూసి పడీపడీ నవ్వాడు.

"కొండెక్కడానికొచ్చారా సార్, కాపురం పెట్టడానికొచ్చారా?"

"మీ సంచీలో చలికోటు ఉందా అసలు?" అన్నాడు అన్నయ్య.

"చలి ఇక్కడుంటుంది సార్." నుదురు మీద వేలితో కొట్టుకున్నాడు. "మనసులో ఎక్కేస్తే ఎక్కేసినట్టే. తక్కినదంతా అంగళ్ళ వాళ్ళు మనకి అంటగట్టే సరుకు."

"మరి మడమ మీద ఆ బొబ్బ కూడా మనసులోనే ఉందా?"

మాస్టారు కాలు బల్ల కిందికి లాక్కున్నాడు. అన్నయ్య లేచి వెళ్ళి బొబ్బల మీద వేసే పట్టీ తెచ్చి, ఆయన వద్దంటున్నా వినకుండా తుడిచి అంటించాడు. ఆ పట్టీ వేయించుకుంటూనే మాస్టారు మనసు గొప్పతనం చెప్తూ పోయాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు చెరోవైపు చేరారు. ఉడికించిన బంగాళాదుంపలు చల్లారిపోయాయి.

"అమ్మా, మీరు చెప్పండి. మనసా? సామానా?" అని మాస్టారు నావైపు తిరిగాడు.

"నాకు రెండూ లేవండీ. సామాను మా వదినది."

బల్లంతా ఘొల్లుమంది. నేను నవ్వించాలని అనలేదు. ఉన్నమాటే చెప్పాను.

*

కనుమకి ముందు ఆఖరి బస అది. కనుమ అంటే రెండు కొండల మధ్య ఉన్న ఎత్తైన సందు. దాన్ని దాటితే ఇక అవతలంతా సముద్రం వైపు దిగుడే. ఎక్కడం తేలికే కానీ పైన వాతావరణం గంటకో రకంగా ఉంటుందని బస నడిపే ఆవిడ చెప్పింది. బక్కపల్చటి మనిషి, ఎప్పుడూ పిండి చేతులతోనే కనిపించేది. అక్కడ మా ఫోన్లకి సిగ్నల్ లేదు. ఆవిడ వంటింట్లో గోడకి ఒక పాత ఫోనుంది.

మధ్యాహ్నం అన్నయ్య వదినకి ఫోన్ చెయ్యడానికి లోపలికెళ్ళాడు. నేను వాకిట్లో తాడు మీద తడి సాక్సులు ఆరేస్తున్నాను. వంటింటి కిటికీలోంచి ఆయన వీపు కనిపిస్తోంది. మొదట్లో చెయ్యి ఊపుతూ మాట్లాడాడు, కొండ ఎత్తు చూపిస్తున్నాడు కాబోలు. తర్వాత చెయ్యి ఆగిపోయింది. చాలాసేపు వింటూ నిలబడ్డాడు. మధ్యలో ఒకసారి గోడకి వేలాడుతున్న గరిటెల వరసని సరిచేశాడు. పెద్దదాని పక్కన పెద్దది, చిన్నదాని పక్కన చిన్నది.

బయటికొచ్చాక, "వదిన ఎలా ఉంది?" అన్నాను.

"బాగానే ఉంది."

నా బూట్లూ తన బూట్లూ తెచ్చి మెట్ల మీద కూర్చుని మట్టి గీకడం మొదలుపెట్టాడు. అయ్యాక మైనం పూశాడు. అయ్యాక లేసులన్నీ విప్పి మళ్ళీ ఎక్కించాడు.

"రేపు మధ్యాహ్నం దాకా వాన లేదట," అన్నాడు.

మర్నాడు తెల్లవారగానే బయల్దేరాం. మాస్టారు మాకంటే ముందే గొడుగు ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. అన్నయ్య ఆ రోజు పాఠాలేమీ చెప్పలేదు. ఎర్ర గీత నెమ్మదిగా సాగుతోంది. గడ్డి అయిపోయి రాళ్ళొచ్చాయి. కనుమ పైన కనిపిస్తూనే ఉంది, ఎంత నడిచినా అంతే దూరంలో. మధ్యాహ్నం కాకముందే ఎడమ కొండ మీంచి మబ్బు జారింది. గాలి ఒక్కసారిగా మారింది. సన్నటి తుంపర అడ్డంగా కొట్టడం మొదలైంది.

ఒక పెద్ద బండ దగ్గర అన్నయ్య బ్యాగు దించి, ఆ బండ మీద కూర్చున్నాడు. నీళ్ళు తాగడానికనుకున్నాను. తాగలేదు.

"నువ్వెళ్తూ ఉండు," అన్నాడు.

"నువ్వు?"

"వస్తాలే."

నేను అక్కడే నిలబడ్డాను. ఆయన రెయిన్‌కోటు టోపీ వెనక్కి పడిపోయి ఉంది. వాన తలమీద పడుతున్నా సరిచేసుకోలేదు. బ్యాగులో రెండు చలికోట్లున్నాయి, చేతి తొడుగులున్నాయి. ఏదీ తియ్యలేదు. ఒళ్ళో పెట్టుకున్న చేతులు చలికి కమిలిపోయాయి. వాటిని ఎవరివో చేతుల్లా చూస్తున్నాడు.

"మీ వదిన వెళ్ళిపోయింది, చిట్టీ."

"తెలుసు."

తలెత్తాడు. "ఎప్పట్నుంచి?"

"బూట్లు ఇచ్చిన రోజునుంచి. తనే చెప్తానంది."

"అంటే నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట."

"నీకూ తెలుసేమో అన్నయ్యా."

వాన చినుకు ఆయన ముక్కు చివర వేలాడుతోంది. "గీజరు పాతదైపోయింది. నిజంగానే మార్చాల్సి వచ్చింది," అన్నాడు. తర్వాత, "నువ్వెళ్ళు. నేను ఇక్కడ కూర్చుంటాను. నాకు పైకీ వెళ్ళాలని లేదు, కిందికీ వెళ్ళాలని లేదు."

ఆ మాట నాకు బాగా తెలిసినది. చలికాలం నుంచి నేను ఉంటున్న చోటు అదే. అక్కడ మరో మనిషి కనబడేసరికి ఏం చెయ్యాలో తోచలేదు. ధైర్యం చెప్పడం నాకు చేతకాదు. చెప్పిన ధైర్యాలన్నీ నేను విన్నాను, ఒక్కటీ లోపలికి దిగలేదు.

అందుకని ఆయన బ్యాగు పైజేబు తెరిచి చలికోటు బయటికి లాగాను. పసిపిల్లాడికి తొడిగినట్టు ఒక చెయ్యి, తర్వాత ఇంకో చెయ్యి. ఆయన అడ్డుచెప్పలేదు, సాయమూ చెయ్యలేదు. జిప్పు పైకి లాగాను. టోపీ పెట్టాను. నా చేతులకి చలి కొరుకుతోందని అప్పుడు తెలిసింది. ఏదైనా వేడిగా తాగించాలి. బండ చాటున గాలి కొంచెం తక్కువ. స్టవ్వు తీశాను. చిన్న గ్యాసు డబ్బా మీద బర్నరు పెట్టి తిప్పాలి, అంతే గుర్తుంది. పెట్టి తిప్పాను. సగం తిరిగి బిగుసుకుంది. గట్టిగా తిప్పాను. సుయ్‌మని గ్యాసు పోయింది. వాసన.

"అలా కాదు," అన్నాడు అన్నయ్య, కూర్చున్నచోటి నుంచే.

మళ్ళీ తిప్పాను. మళ్ళీ సుయ్‌మంది.

"మర పక్కకెక్కింది. బలం పెట్టకు. వెనక్కి తీసెయ్యి."

తీశాను. వేళ్ళు మొద్దుబారిపోయి ఏది ఎటు తిరుగుతోందో తెలియట్లేదు. తిరిగి పెట్టాను.

"ముందు ఎడమకి తిప్పు. టక్‌మని ఒక చోట పడుతుంది. అప్పుడు కుడికి. రోజూ చెప్పాను కదే!"

"వినలేదు."

"ఒక్క రోజు కూడానా?"

"ఒక్క రోజు కూడా."

"మర పోతుందే, పోతుంది... ఆగు! ఆగాగు!" అని లేచాడు. వచ్చి నా పక్కన మోకాళ్ళ మీద కూలబడి డబ్బా లాక్కున్నాడు. ఎడమకి తిప్పాడు. టక్‌మంది. కుడికి తిప్పాడు. వెలిగించాడు. నీలం మంట నిలబడింది. రెండు చేతులూ దాని చుట్టూ అడ్డుపెట్టి, గిన్నె ఎక్కించి, నీళ్ళు పోసి, మరిగేదాకా దానివైపే చూస్తూ కూర్చున్నాడు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. వాన కూడా ఉంది కాబట్టి నేను పట్టించుకోనట్టే ఉన్నాను.

టీ తాగాం. ఇద్దరం ఒకే మూతతో.

"లే," అన్నాను.

"ఎందుకు?"

"ఏమో. నాకూ తెలీదు. ఇంతదూరం నడిచింది నడవాలని ఉండి కాదు. నువ్వు లేపావు, నీ వెనకాల నడిచాను. ఇప్పుడు నువ్వు నా వెనకాల నడు. ఇష్టం లేకపోయినా పర్లేదు. కాలు వెయ్యి చాలు."

ఆయన లేచాడు. గిన్నె కడిగి, తుడిచి, దాని సంచీలో దాన్ని పెట్టాడు. తర్వాత నా వెనక వచ్చి నిలబడ్డాడు. మబ్బులో దారి సరిగ్గా కనబడలేదు. రాళ్ళ మీద పసుపు రంగు గుర్తులు వేసి ఉంటాయి, అవి వెతుక్కుంటూ నేను ముందు నడిచాను. ప్రతిసారీ వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన కర్రల చప్పుడు వినబడుతూ ఉంటే చాలనుకున్నాను. వినబడుతూనే ఉంది.

అవతలి బసలో మాస్టారు పొయ్యి పక్కన పంచెలా దుప్పటి చుట్టుకుని సూపు తాగుతున్నాడు. గొడుగు విరిగింది తప్ప మనిషి నిక్షేపంగా ఉన్నాడు.

"చూశారా సార్? మనసు!" అన్నాడు మమ్మల్ని చూడగానే.

అన్నయ్య ఆయన వైపు కాసేపు చూసి, "మడమ ఎలా ఉంది?" అన్నాడు.

"తగ్గిపోయింది. భలే పట్టీ అది."

*

మిగతా దారి అంతా నేనే ముందు నడిచాను. ఎందుకో అలా కుదిరిపోయింది. అన్నయ్య చాలా తక్కువ మాట్లాడాడు. కొన్ని రోజులు అసలే లేదు. ఓసారి వాగు దగ్గర, "నేను వినలేదంటావా?" అని అడిగాడు. "విన్నావు. వేరేది విన్నావు," అన్నాను. అంతకంటే మేం ఆ విషయం మాట్లాడుకోలేదు. సముద్రం వచ్చిన రోజున అక్కడ జనం బట్టలిప్పి నీళ్ళలో దూకుతున్నారు, ఒకళ్ళనొకళ్ళు కావిలించుకుంటున్నారు. మేం ఒక గోడ మీద కూర్చుని బిస్కెట్లు తిన్నాం. నాకు సంతోషంగా ఏమీ లేదు. అన్నయ్యని అడిగితే తనకీ లేదన్నాడు. బస్సెక్కి వచ్చేశాం.

ఇల్లు వదిన తుడిచిపెట్టి వెళ్ళింది. బీరువాలో ఆవిడ వైపు ఖాళీ. వంటింట్లో డబ్బాల మీద ఏది దేనికో కొత్తగా కాగితం ముక్కలంటించింది, ఆయన వెతుక్కోకుండా. అన్నయ్య బ్యాగు హాల్లో దించి, స్నానానికెళ్ళాడు. చాలాసేపు రాలేదు. గీజరు చక్కగా పనిచేస్తోంది.

ఆవిడ తిరిగి రాలేదు, ముందే చెప్పేస్తున్నాను. అన్నయ్య ఆ తర్వాత రెండుసార్లు పూల్ దగ్గరికి వెళ్ళి మాట్లాడాడు. రమ్మని అడగలేదట. "నువ్వు చెప్పు, నేను వింటాను," అన్నాడట. ఆవిడ చెప్పింది, ఈయన విన్నాడు, మధ్యలో ఏమీ ముట్టుకోకుండా. ఆ సంగతి నాకు తర్వాత వదినే చెప్పింది. నేను ఆ చిన్నగదిలోనే ఉండిపోయాను. ఇంట్లో ఇద్దరం ఎదురుపడితే తప్పుకుని పోయేవాళ్ళం, ఆకలైనప్పుడు ఎవరు ముందు లేస్తే వాళ్ళు గుడ్లు వేయించేవాళ్ళం. డ్రిల్లు మాస్టారు అప్పుడప్పుడూ ఆదివారాలు వచ్చి అన్నయ్యతో వాదన పెట్టుకుని టీ తాగి వెళ్ళేవాడు.

ఆకులు రాలడం మొదలైన రోజుల్లో వదిన ల్యాబుకి వచ్చింది. పూల్ గట్టు మీద జారిపడి ముందు పన్ను చివర విరిగిందట. డాక్టరు అచ్చు తీసి పంపాడు, రంగు కలపడానికి మనిషిని చూడాలి. నేను ఆవిణ్ణి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, పళ్ళ రంగుల అట్ట పెదాల పక్కన పెట్టి చూస్తున్నాను. సన్నబడింది. ముఖం తేటగా ఉంది.

"నవ్వు," అన్నాను.

నవ్వింది. అట్ట మీద మూడో రంగు సరిపోయింది.

"మొత్తం నడిచారట కదా," అంది.

"నడిచాం."

"నేను ఫోన్లో చెప్పాక కూడా? వెనక్కి వచ్చేస్తారనుకున్నాను. ఎలా పూర్తి చేశాడు?"

"కాళ్ళతో."

నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. నేను అట్ట బల్ల మీద పెట్టాను. నా చెవులు వేడెక్కాయి. జ్వరమేమో అనుకున్నాను మొదట.

"ఆ కొండ మీద చచ్చిపోయేవాడు వదినా. చలికోటు బ్యాగులో పెట్టుకుని చచ్చిపోయేవాడు. వినడం తప్ప ఇంకేం చెయ్యలేడన్నావు. నిజంగానే ఇంకేం చెయ్యలేదు, బండ దగ్గర కూర్చుండిపోయాడు. పక్కన నేనున్నాను. నాకు స్టవ్వు వెలిగించడం కూడా రాదు. నన్నెందుకు పంపావు? మొగుడు పోయి నాలుగు నెలలు కాలేదు, నన్ను పంపావు!"

నా గొంతు ల్యాబంతా వినబడింది. పక్క బల్ల దగ్గర అబ్బాయి సాన పెట్టే మర ఆపేశాడు. చేతులకున్న పొడి వదిన భుజాల మీద పడింది. ఆవిణ్ణి పట్టుకుని ఊపుతున్నానని అప్పుడు చూసుకున్నాను. వదిలేశాను.

వదిన కదలలేదు. ఆవిడ కళ్ళు నిండాయి.

"నీకు కోపం వచ్చింది," అంది మెల్లగా.

"వచ్చింది."

"ఎన్నాళ్ళకి వచ్చిందే తల్లీ."

"నవ్వకు. నిజంగానే వచ్చింది."

"నవ్వట్లేదు," అంది. నవ్వుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది, విరిగిన పన్ను కనబడుతోంది. నాకు ఇంకా ఒళ్ళు మండిపోయింది. ఆవిడంటే నాకు ఎంత ఇష్టమో, ఎంత కోపమో, రెండూ ఒకేసారి తెలుస్తుంటే స్టూలు మీద కూర్చున్నాను. ఇంటికెళ్ళాక మా ఆయన మీద కూడా కోపం వస్తుందని, దాని వెనకాల మిగతావన్నీ వస్తాయని ఆ క్షణాన తెలిసింది. భయమేసింది.

పని ముగిశాక చేతులు కడుక్కుని ఆవిడతో కూడా కిందికి దిగాను. వీధి చివర బస్టాపులో బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. చాలాసేపటికి బస్సొచ్చింది. ఆవిడ ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని నావైపు చూసింది. బస్సు కదిలాక చెయ్యి ఊపాను. కోపంగానే ఊపాను.